టెక్సాస్‌లో వేయించిన అద్దాల ఫిల్ము కాలిఫోర్నియాలో చెల్లుతుందా?

వచ్చే నెల డాలస్ నుంచి శాన్ హోసేకి మారుతున్నాం. ఇక్కడి ఎండకు తాళలేక, టెక్సాస్ నిబంధన ప్రకారమే, కారు ముందు తలుపుల అద్దాలకు 25 శాతం వెలుతురు వచ్చే ఫిల్ము వేయించాను. తీరా చూస్తే కాలిఫోర్నియాలో అక్కడ కనీసం 70 శాతం రావాలట! వెనక తలుపులకు ఎంత నలుపైనా ఫరవాలేదు.

మా ఆవిడకు ఎండ తగిలితే ముంజేతుల మీద ఎర్రగా దద్దుర్లు లేస్తాయి. డాక్టరు ఉత్తరం ఉంటే తీసి పెట్టుకునే తెరలు వాడవచ్చుగానీ, చీకట్లో వాడకూడదని చదివాను. అంటించిన ఫిల్మును రోజూ రాత్రి పీకలేం కదా!

ఇలా మారినవారు ఏం చేశారు? టెక్సాస్ నంబరు ప్లేటు ఉన్నన్నాళ్లు పోలీసులు ఊరుకుంటారా? నలుపు లేకుండా వేడిని ఆపే ఫిల్ము నిజంగా పనిచేస్తుందా?