సొంత డబ్బున్న మేయరు ఎవరికీ లొంగడంటారు, నిజమేనా?

లెక్కల మాస్టారు:
మన దగ్గర కోటీశ్వరుడికి టికెట్టిస్తే "ఆయనకు తినాల్సిన అవసరమేముంది" అంటారు. నవ్వకండి, ఆ మాటలో పస ఉంది. మైకేల్ బ్లూంబర్గ్‌ను చూడండి. 1981లో సాలమన్ బ్రదర్స్ సంస్థ సాగనంపితే, వాటా కింద వచ్చిన కోటి డాలర్లు చేతిలో పెట్టుకుని, మార్కెట్ సమాచారం అందించే కంప్యూటర్ టెర్మినళ్ల వ్యాపారం మొదలుపెట్టారు. 2002 నుంచి 2013 చివరి దాకా న్యూయార్క్ మేయరు. జీతం ఏడాదికి ఒక డాలరు. ఎన్నికల ఖర్చుకు ఎవరి ముందూ చేయి చాచలేదు. అందుకే 2003లో బార్లలో సైతం పొగతాగడం మాన్పించగలిగారు. చందాలతో గెలిచినవాడైతే బార్ల యజమానులు ఆ పని సాగనిచ్చేవారా?

క్వీన్స్ తెలుగువాడు:
పొగ సంగతి సరే మాస్టారూ. గుంతలు, చెత్త, రాత్రిపూట రొద, దేనికైనా ఒకే నంబరు 311 పెట్టింది కూడా ఆయనే. సిటీ హాల్లో విడి గది వద్దని, గోడల్లేని హాల్లో సిబ్బంది నడుమ బల్ల వేయించుకున్నారు. ఇవన్నీ మెచ్చుకోదగ్గవే. మరి 2008 మాటేమిటి? రెండు విడతలకు మించి కూడదని ఓటర్లు 1993లో ఒకసారి, 1996లో మరోసారి తేల్చి చెప్పారు. ఆర్థిక సంక్షోభాన్ని చూపి, మళ్లీ ఓటర్లను అడగకుండానే, నగర మండలిలో 29-22 ఓట్లతో ఆ హద్దును మూడు విడతలకు పెంచించారు. ఆయన విరాళాలు అందుకునే సేవా సంస్థలను ఈ మార్పుకు మద్దతు పలకమని మేయరు మనుషులు అడిగినట్లు అప్పట్లో పత్రికలు రాశాయి. పుచ్చుకునేవారు కాదు, ఒప్పుకున్నాను. ఇచ్చేవారు కదా! ఇచ్చే చేతికి ఎదురు చెప్పేదెవరు?

నల్లకోటు:
అసలు విషయం వదిలేశారు. ఆయన ఏలుబడిలో, 2011లో న్యూయార్క్ పోలీసులు అనుమానం పేరిట వీధుల్లో మనుషులను ఆపింది 6 లక్షల 85 వేల సార్లకు పైగా. ఎక్కువమంది నల్లజాతివారు, లాటినోలు (లాటిన్ అమెరికా మూలాలవారు); వారిలో చాలామంది కుర్రాళ్లు. పదిలో దాదాపు తొమ్మిది సార్లు అరెస్టూ లేదు, జరిమానా నోటీసూ లేదు. 2013లో ఫెడరల్ న్యాయమూర్తి ఈ తీరు రాజ్యాంగ విరుద్ధమన్నారు. అప్పుడు తీర్పునే తప్పుపట్టిన మేయరు బ్లూంబర్గ్ 2019లో క్షమాపణ చెప్పారు, అదీ అధ్యక్ష బరిలోకి దిగబోతూ. చందాదారులకు జవాబు చెప్పనక్కర్లేని మనిషి ఆ కుర్రాళ్లకూ చెప్పనక్కర్లేదనుకున్నట్లుంది.

లెక్కల మాస్టారు:
అంత చెడ్డవారైతే 2009లో జనం మళ్లీ ఎందుకు గెలిపించారండీ?

క్వీన్స్ తెలుగువాడు:
పది కోట్ల డాలర్లకు పైగా గుమ్మరిస్తే వచ్చిన ఆధిక్యం ఐదు శాతం లోపు. అదే ఓటర్లు 2010లో రెండు విడతల హద్దును మళ్లీ తెచ్చారు. ఆయన మాత్రం మూడోది పూర్తిగా ఏలుకునే దిగారు.