చెర్వోలో కొండ మీది పాత రాతి ఇల్లు: పెద్దవాళ్లతో పది రోజులు ఉండడానికి అనుకూలమేనా?

ప్రశ్న: మ్యూనిక్ గోదావరి

అందరికీ నమస్కారం. మేము మ్యూనిక్‌లో ఉంటున్నాము. వచ్చే వేసవిలో మా అమ్మానాన్నలు రాజమహేంద్రవరం నుంచి వస్తున్నారు. వాళ్లను హోటళ్ల మధ్య తిప్పడం కన్నా ఒకే చోట ఇల్లు అద్దెకు తీసుకుని, ఇంట్లోనే వండుకుంటూ, సాయంత్రాలు సముద్రం చూస్తూ పది రోజులు గడిపితే బాగుంటుందని అనుకుంటున్నాము. ఇటలీలో లిగూరియా తీరాన, ఇంపీరియాకు తూర్పున ఉన్న చెర్వో అనే ఊరు మాకు చాలా నచ్చింది. అది మధ్యయుగపు ఊరు. కొండవాలు పొడవునా రాతి ఇళ్లు, పైన కోట, మధ్యలో సముద్రానికి ఎదురుగా పెద్ద చర్చి, కింద తీరం ఉన్నాయి. పాత ఊరి నడిబొడ్డున, మూడో అంతస్తులో, చిన్న మిద్దె ఉన్న ఒక ఇల్లు చూసి పెట్టుకున్నాము.

నాన్నగారు రోజూ నడిచే మనిషి. అమ్మకు మాత్రం మోకాళ్ల నొప్పి ఉంది. మెట్లు ఎక్కగలదు కానీ దిగడం కష్టం. ఇద్దరూ శాకాహారులు, గుడ్డు కూడా తినరు. ఇలాంటి ఊళ్లో ఉండి వచ్చినవాళ్లు, ఇల్లు ఖాయం చేసుకునే ముందు ఏమేమి అడిగి తెలుసుకోవాలో, ఏ నెలలో వెళ్తే మంచిదో వివరంగా చెప్పగలరా? మా దగ్గర కారు ఉంది.

జవాబు: టొరినో తెలుగింటి కోడలు

నమస్కారమండి. మేము టొరినోలో ఉంటాము కనుక లిగూరియా తీరం మాకు సెలవులకు దగ్గరి చోటు. చెర్వోను ఎంచుకున్నందుకు ముందుగా సంతోషం. చుట్టుపక్కల అంత నిండుగా నిలిచిన పాత ఊరు మరొకటి లేదని నా అభిప్రాయం. అయితే ఇంటి సంగతిలో మీరు ఫోటోలలోని మిద్దెను, కిటికీలోంచి కనిపించే సముద్రాన్ని కాసేపు పక్కన పెట్టి, ఒకే ఒక్క విషయం మీద మనసు పెట్టాలని కోరుతున్నాను: కారు ఆగే చోటి నుంచి మంచం దాకా ఎన్ని మెట్లు ఉన్నాయి?

పాత ఊరి లోపలికి బండ్లు వెళ్లవు. అక్కడివాళ్లు కరుజ్జీ అని పిలిచే ఇరుకు సందులు కొన్నిచోట్ల ఇద్దరు ఎదురుపడితే ఒకరు ఒదిగి నిలబడవలసినంత సన్నంగా ఉంటాయి. వాటిలో సగానికి సగం రాళ్లు పరిచిన మెట్లదారులు. వాన పడితే ఆ రాళ్లు నున్నగా జారుతాయి. సామాను మోసుకు వెళ్లడం మొదటి రోజు ఒక్కసారితో తీరిపోతుంది, కానీ పాలు, కూరగాయలు, మంచినీళ్ల సీసాలు రోజూ ఉంటాయి. పెద్ద దుకాణాలు అన్నీ కింద, పక్క ఊరైన సాన్ బర్తొలొమెయో అల్ మారె వైపు ఉన్నాయి. ఊరి నడిబొడ్డున మూడో అంతస్తు అంటే ముందు సందు మెట్లు, ఆపైన ఇంటి లోపలి మెట్లు. పాత ఇళ్లలో లోపలి మెట్లు నిటారుగా, ఎత్తుగా, చాలాసార్లు పట్టుకోవడానికి కమ్మీ లేకుండా ఉంటాయి. లిఫ్ట్ మాట చెప్పనే అక్కరలేదు. దిగడం కష్టమన్న మీ అమ్మగారు ఆ ఇంట్లో రెండో రోజు నుంచి మిద్దె మీదే ఉండిపోతారేమోనని నా భయం.

కాబట్టి ఇంటి యజమానికి రాసి, కింది పెద్ద రోడ్డు నుంచి గుమ్మం దాకా ఎన్ని మెట్లు, పైన కోట వైపు నుంచి దిగితే ఎన్ని మెట్లు, గుమ్మం నుంచి పడక గది దాకా ఎన్ని మెట్లు అని మూడు అంకెలు విడివిడిగా అడగండి. "కొద్దిగా నడవాలి" అన్న జవాబుతో తృప్తి పడవద్దు. ఆ దారిని ఫోనులో వీడియో తీసి పంపమని అడగడంలో తప్పేమీ లేదు, మంచి యజమానులు సంతోషంగా పంపుతారు. ఊరి అంచున, నేల అంతస్తులో లేదా మొదటి అంతస్తులో ఇల్లు దొరికితే, సముద్రం సగమే కనిపించినా సరే, అదే తీసుకోండి.

చట్టపరంగా చూడవలసింది ఒకటి ఉంది. 2025 జనవరి 1 నుంచి ఇటలీలో సెలవుల అద్దెకు ఇచ్చే ప్రతి ఇంటికీ సిన్ (CIN) అనే జాతీయ గుర్తింపు సంఖ్య ఉండాలి. అది ప్రకటనలోనూ, ఇంటి బయటా కనిపించాలి. ఆ సంఖ్య లేని ఇంటి జోలికి వెళ్లవద్దు. యజమాని మీ అందరి పాస్‌పోర్టు వివరాలు అడిగితే అనుమానించవద్దు, బస చేసినవారి వివరాలను దిగిన 24 గంటలలోపు పోలీసు విభాగానికి తెలియజేయడం వారి బాధ్యత. చాలా ఊళ్లలో తలకు ఇంత అని స్థానిక బస పన్ను కూడా ఉంటుంది కనుక అది అద్దెలో కలిసి ఉందో లేదో ముందే తేల్చుకోండి.

జవాబు: వంటింటి వసంత

నాకు తెలిసింది వంట సంగతి, కనుక అది చెబుతాను. ఇటలీలో మామూలు ఇంటికి ఉండే విద్యుత్ ఒప్పందం సాధారణంగా 3 కిలోవాట్లు. జర్మనీ ఇంటి అలవాటులో ఇండక్షన్ పొయ్యి, ఓవెన్, బట్టలు ఉతికే యంత్రం ఒకేసారి పెడితే మీటరు దగ్గర కరెంటు తెగిపోతుంది. మీటరు ఎక్కడ ఉందో, తిరిగి ఎలా వేయాలో దిగిన రోజే చూపించుకోండి, ఎందుకంటే పాత కట్టడాలలో అది ఒక్కోసారి కింద వీధి గుమ్మం దగ్గర ఉంటుంది. పొయ్యి గ్యాసుదా ఇండక్షనా అన్నది కూడా అడగండి. ఇండక్షన్ అయితే మీ అమ్మగారి అల్యూమినియం కుక్కర్ పనిచేయదు, స్టీలుది పట్టుకెళ్లాలి. సోనా మసూరి బియ్యం, కందిపప్పు, చింతపండు, ఇంగువ, పోపు సామాను మ్యూనిక్‌లోనే కొనుక్కోండి. ఇటలీ దుకాణాలలో బాస్మతి దొరుకుతుంది కానీ అక్కడి రిసొత్తో బియ్యం మన అన్నానికి పనికిరాదు.

బయట తినడం గురించి దిగులు వద్దు. శాకాహారులకు లిగూరియా నిజంగా మంచి చోటు. ఫరినాత అని శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు కలిపి పెద్ద రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో కాల్చే అట్టు ఉంటుంది. దానిని మీ అమ్మానాన్నలు మొదటి ముద్దకే సొంతం చేసుకుంటారు. పాస్తాలో చాలా తాజా రకాలకు గుడ్డు కలుపుతారు, కానీ అక్కడి త్రొఫియె కేవలం పిండి, నీళ్లతో చేసేది. అయినా అడిగి తినడం మేలు. పాస్తాలో కలిపే అక్కడి పచ్చడి పెస్తోలో వేసే పర్మెజాన్ జున్ను తయారీలో, పాలు విరగడానికి, దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ వాడతారు. మీ ఇంట్లో ఆ పట్టింపు ఉంటే తులసి జాతి ఆకైన బసిలికో, జీడిపప్పు లేదా పైన్ గింజలు, వెల్లుల్లి, ఆ ప్రాంతపు తజ్జాస్కా ఆలివ్ నూనె వేసి ఇంట్లోనే రోట్లో నూరుకోండి. సార్దెనైరా అని కనిపించే రొట్టె మీద మాత్రం చేప ఉంటుంది, జాగ్రత్త.

జవాబు: పాత కట్టడాల అభిమాని

పైవారు చెప్పిన మెట్ల లెక్కతో పూర్తిగా ఏకీభవిస్తూనే, ఆ మెట్లు ఎందుకున్నాయో కూడా రాయాలనిపించింది. ఎందుకంటే పెద్దవాళ్లకు ఊరి కథ తెలిస్తే నడకకు ఓపిక వస్తుందని నేను నమ్ముతాను.

16వ శతాబ్దంలో ఈ తీరమంతా సముద్రపు దొంగల దాడులకు గురైంది. 1549లో తూర్పున రపల్లోను తుర్కీ నావికాదళపతి డ్రాగుత్ మనుషులు దోచుకుపోయారు. అందుకే తీరపు ఊళ్లు కొండను పట్టుకుని, ఇళ్లను ఒకదానికొకటి ఆనించి, బయటి వరుస ఇళ్ల వెనుక గోడలే కోటగోడలయ్యేలా పెరిగాయి. సందుల పైన ఒక ఇంటి నుంచి ఎదురింటికి వంతెనల్లా కనిపించే రాతి కమానులు అలంకారం కోసం కట్టినవి కావు, భూకంపంలో గోడలు ఒకదానినొకటి నిలబెట్టుకోవడానికి వేసిన ఊతాలు. ఆ అవసరం ఎంత నిజమో 1887 ఫిబ్రవరి 23 ఉదయం తెలిసింది. ఆనాటి భూకంపం పశ్చిమ లిగూరియాలో ఆరు వందలకు పైగా ప్రాణాలు తీసింది. చెర్వోకు దగ్గరి ఊరైన దియానో మరీనా నేలమట్టమైంది. సాన్‌రెమో దగ్గరి బుస్సానాను జనం వదిలేసి కింద కొత్త ఊరు కట్టుకున్నారు. ఆ శిథిలాలలోకి 1950ల చివరి నుంచి కళాకారులు వచ్చి చేరారు. చెర్వో నుంచి ఒక పూటలో కారులో వెళ్లి ఆ పాత బుస్సానా చూసి రావచ్చు.

చెర్వో చర్చిని సాన్ జొవాన్ని బత్తిస్త అంటారు, జనం నోట అది పగడాలవాళ్ల చర్చి. కోర్సికా, సార్దీనియా నీళ్లలో పగడాలు తీసే ఈ ఊరి జాలరులు తమ సంపాదనలో కొంత దీనికి ఇచ్చారని చెబుతారు. 1686లో పని మొదలైంది. పగడాలను నవరత్నాలలో లెక్కపెట్టి ఉంగరాలకు, మంగళసూత్రాలకు వాడే మనవాళ్లకు ఈ సంగతి ఆసక్తి కలిగిస్తుంది. ఆ చర్చి ముంగిట్లోనే, మెట్లు దిగే ఖాళీ చోట, 1964 నుంచి వేసవిలో సంగీత కచేరీలు జరుగుతున్నాయి. వాటిని మొదలుపెట్టినవారు హంగేరీ వయొలిన్ విద్వాంసుడు శాందోర్ వేగ్. జులై, ఆగస్టు నెలలలో వెళ్తే ఒక్క కచేరీ అయినా పెద్దవాళ్లకు వినిపించండి. కచేరీ రాత్రులలో ఆ చుట్టుపక్కల ఇళ్లలో నిద్ర ఆలస్యమవుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

పాత రాతి ఇల్లు అన్నప్పుడు చెమ్మ గురించి కూడా అడగాలి. రెండడుగుల మందం గోడలు ఎండలో చల్లగా ఉంచుతాయి. నిజమే. కానీ కొండను తవ్వి కట్టిన కింది గదులకు గాలి ఆడదు, మీ నాన్నగారికో అమ్మగారికో ఆయాసం ఉంటే కొండవైపు పడకగది వద్దు. కమాను పైకప్పు ఫోటోలో ఎంతో అందంగా ఉంటుంది, ఆ గదికి కిటికీ ఎటు ఉందో చూడండి.

ప్రశ్న అడిగినవారు: మ్యూనిక్ గోదావరి

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. యజమానికి ఈ ఉదయమే రాశాము. గుమ్మం దాకా 74, లోపల 41 మెట్లు అని నిజాయితీగా జవాబిచ్చారు. ఆ ఇల్లు వదిలేస్తున్నాము. నెల ఇంకా తేలలేదు. పిల్లల బడి సెలవులు మా రాష్ట్రంలో ఆగస్టు నుంచి సెప్టెంబరు రెండో వారం దాకా ఉంటాయి. అమ్మ మాత్రం "ఊరి కింద సముద్రం ఒడ్డునే ఉందాం, కొండ మీదికి మీరు వెళ్లి రండి" అంటోంది. అలా చేస్తే వెళ్లిన ప్రయోజనమే పోతుందేమోనని నా బాధ.

జవాబు: టొరినో తెలుగింటి కోడలు

ప్రయోజనం పోదండి. అమ్మగారి మాట వినండి. సాన్ బర్తొలొమెయోలో తీరం పొడవునా నేల సమంగా ఉంటుంది. ఇల్లు అక్కడ తీసుకుంటే ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఉదయం తనంతట తాను సముద్రం దాకా వెళ్లి రాగలరు. పెద్దవాళ్లకు సెలవుల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. పొద్దు వాలాక రెండు మూడు సాయంత్రాలు ఆవిడను పైకి తీసుకెళ్లండి. కోట ఉన్న పై అంచున దింపి, అక్కడి బల్ల మీద కూర్చోబెట్టి, మీరు సందులన్నీ తిరిగి రావచ్చు. దిగడమే కష్టం కనుక నడిచి కిందికి తేకుండా కారులోనే తీసుకురండి. ఇంకా చదును దారి కావాలంటే ఇంపీరియా అవతల సాన్ లొరెంజో అల్ మారె నుంచి ఓస్పెదలెత్తి దాకా పాత రైలు పట్టాల మీద వేసిన 24 కిలోమీటర్ల సైకిల్ బాట ఉంది. పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటే అమ్మానాన్నలు పక్కనే నడవచ్చు.

నెల గురించి నా సలహా స్పష్టం: సెప్టెంబరు మొదటి పది రోజులు. ఆగస్టు 15 పండుగ చుట్టూ ఇటలీ అంతా సముద్రానికే వస్తుంది. ఇళ్లు శనివారం నుంచి శనివారానికే ఇస్తారు, ధరలు పెరుగుతాయి, కారు నిలపడానికి చోటు దొరకదు. సెప్టెంబరులో నీరు ఇంకా వెచ్చగా ఉంటుంది, జనం తగ్గుతారు. గొడుగులు, కుర్చీలు వరుసగా వేసి ఉన్న తీరమంతా డబ్బు చెల్లించే చోటు. ఉచిత తీరం ముక్కలు వాటి మధ్య ఉంటాయి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు గులకరాళ్ల ఒడ్డు కన్నా దియానో మరీనా ఇసుక మేలు. అక్టోబరు, నవంబరులకు వాయిదా వేయవద్దు. అప్పుడు ఈ తీరాన కుండపోత వానలు వస్తాయి, పసుపు, నారింజ, ఎరుపు రంగుల హెచ్చరికలు ఇస్తారు. 2011 అక్టోబరు 25న తూర్పు లిగూరియాలోని వెర్నాజ్జా అనే ఊరిని వరద బురదలో ముంచిన సంగతి ఇక్కడ ఎవరూ మరచిపోలేదు.

రైలులో ఎవరైనా వచ్చి కలుస్తారనుకుంటే ఒక హెచ్చరిక. పాత వ్యాసాలలో చెర్వోకు సొంత స్టేషన్ ఉన్నట్టు కనిపిస్తుంది. 2016 డిసెంబరులో ఆ రైలు మార్గాన్ని లోపలికి మార్చారు, ఆ స్టేషన్ మూతపడింది. ఇప్పుడు దియానోలో దిగి బస్సు గానీ టాక్సీ గానీ పట్టుకోవాలి. కారులో వచ్చే మీకు సాన్ బర్తొలొమెయో పేరుతోనే హైవే దిగే చోటు ఉంది. చుట్టుపక్కల పాత ఊళ్లకు వెళ్లినప్పుడు జెడ్‌టీఎల్ (ZTL), అంటే అనుమతి లేని బండ్లు వెళ్లకూడని ప్రాంతం, అన్న బోర్డు కనిపిస్తే కారును లోపలికి పోనివ్వకండి, కెమెరా పట్టుకుంటుంది, జరిమానా మ్యూనిక్‌కు ఉత్తరంగా వస్తుంది. అమ్మానాన్నల ప్రయాణ బీమా కాగితాలు, మందుల చీటీలు కారులోనే పెట్టుకోండి. అత్యవసరానికి 112, దగ్గరి పెద్ద ఊరైన ఇంపీరియాలో ఆసుపత్రి ఉంది. సెప్టెంబరుకైనా ఇల్లు ఇప్పుడే చూసుకోండి, నేల అంతస్తు ఇళ్లు తక్కువ, వాటిని ఇక్కడి ముసలివాళ్లే ముందుగా పట్టుకుంటారు.