30×20 గడుల గుహ మ్యాప్ ప్రింట్ తీయాలి, మినీలకు సరిపోయేలా ఎలా?

గుహలో_గుడ్లగూబ

ఇన్నాళ్లూ డీ అండ్ డీ (డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రల ఆట) ఆన్‌లైన్‌లోనే ఆడాం. ఇకనుంచి అందరం ఒకే బల్ల చుట్టూ కూర్చుని, మినీలు (పాత్రల చిన్న బొమ్మలు) పెట్టి ఆడదామనుకుంటున్నాం. నా దగ్గరున్న గుహ మ్యాప్ 30×20 గడులు. ఫైలు 2100×1400 పిక్సెళ్లు, అంటే గడికి 70. రోల్20 (ఆన్‌లైన్‌లో ఈ ఆట ఆడే సైటు) కోసం చేసింది కాబట్టి ఆ లెక్కనే ఉంది. డీ అండ్ డీ కాబట్టి గడికి ఒక అంగుళం రావాలి.

ఇంట్లో ఉన్నది ఏ4 ప్రింటర్. ఏ4లు అతికించుకోవాలా, బయట ఒకే పెద్ద షీటు మీద తీయించాలా? మసకగా వస్తుందా? లామినేషన్ చేయిస్తే పైన గీసుకోవచ్చు కదా అని కూడా ఉంది. ఇదివరకు చేసినవాళ్లు చెప్పండి.

మొండి_కత్తెర

ఏ1 షీటు 841×594 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 33×23 అంగుళాలు. మీ మ్యాప్ ఒక్క షీట్లో హాయిగా పడుతుంది. అయినా నేనైతే వద్దనే అంటాను. అది పరిచిన మరుక్షణం గుహంతా ఆటగాళ్లకు తెలిసిపోతుంది. చివర్లో అంత పెద్ద గది, మధ్యలో వేదిక కనపడ్డాక బాస్ (చివరి పెద్ద శత్రువు) ఎక్కడున్నాడో అడగాలా? రహస్య ద్వారం సంగతి సరేసరి. తెర మీదైతే ఫాగ్ ఆఫ్ వార్ (ఇంకా చూడని చోట్లను కప్పి ఉంచేది) ఉంటుంది, కాగితానికి ఉండదు. నల్ల కాగితాలు కప్పి ఒక్కొక్కటే లాగేవాళ్లున్నారు గానీ, ఆ లాగడంలో పక్కన నిలబెట్టిన మినీలు సగం పడిపోతాయి.

గదులవారీగా కోయండి. గోడ ఉన్నచోట కోస్తే అతుకు గోడలోనే కలిసిపోతుంది. ఆటగాళ్లు తలుపు తెరిచినప్పుడు మీరు ఆ గది ముక్క తెచ్చి పక్కన పెడతారు, అంతే. కొట్లాట జరగని నడవాలు అసలు ప్రింటే చేయకండి. "నలభై అడుగులు నడిచారు, ఎదురుగా తలుపుంది" అని నోటితో చెబితే చాలు.

ఏ4ని అడ్డంగా పెడితే అంచులు పోను 10×7 గడులు పడతాయి. మొత్తం మ్యాప్ కావాలన్నా తొమ్మిది షీట్లే. కోత మాత్రం గడి గీత మీదే పడాలి.

ప్రింట్ కొట్టేముందు "ఫిట్" తీసేసి "యాక్చువల్ సైజ్" పెట్టండి. మొదటి షీటు రాగానే స్కేలు తీసుకుని పది గడులు కలిపి కొలవండి. 254 మిల్లీమీటర్లు రావాలి. 246 వచ్చిందంటే ప్రింటర్ 97 శాతానికి కుదించేసిందని అర్థం. ఒక్క గడిని కొలిస్తే ఆ ముప్పావు మిల్లీమీటరు తేడా కంటికి ఆనదు. మీడియం (మనిషంత పాత్ర) మినీ కింది బేస్ 25 మిల్లీమీటర్లు, గడి 25.4. ఉన్న సందే అంత. కుదించిన గడుల్లో వరసగా నలుగురు గోబ్లిన్లను నిలబెడితే ఒకరినొకరు తోసుకుంటారు.

అతికేటప్పుడు రెండు షీట్లలో ఒక్కదాని తెల్ల అంచే కోయండి. రెండోదాని అంచు అలాగే ఉంచి, కోసినదాన్ని దాని మీదికి తెచ్చి గీతకు గీత కలపండి. ముందు వెనకవైపు మాస్కింగ్ టేపు, తర్వాతే జిగురు. నీళ్లజిగురు జోలికి వెళ్లొద్దు, కాగితం సాగి అలలు తేలుతుంది. గ్లూ స్టిక్ బెస్టు.

పిక్సెల్_పిచ్చోడు

కత్తెర గారు అన్నీ చెప్పారు గానీ మసక సంగతి వదిలేశారు.

అంగుళానికి 70 పిక్సెళ్లంటే తక్కువే, అంచులు మెత్తబడి కనిపిస్తాయి. 150 ఉంటే బల్ల దూరానికి బాగానే ఉంటుంది. 300 కోసం తాపత్రయపడక్కర్లేదు, ఎవరూ ముక్కు ఆనించి చూడరు. మ్యాప్‌ని డన్జన్‌డ్రాఫ్ట్‌లో (మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్) మీరే చేసుంటే ఎక్స్‌పోర్ట్‌లో గడికి ఎన్ని పిక్సెళ్లో పెంచుకుని మళ్లీ తీయండి. వేరేవాళ్లదైతే పెద్ద ఫైలు, అదీ గ్రిడ్ లేనిది ఉందేమో అడగండి. ఏదీ లేకపోతే ఉన్నదాన్నే సాగదీయాలి. రాళ్లూ మట్టీ పర్వాలేదు, సన్న గీతలూ అక్షరాలే అలుక్కుపోతాయి. అందుకే గ్రిడ్ చివర్లో కొత్తగా గీయడం మేలు.

సైజు కోసం లెక్కలు వేయక్కర్లేదు. జింప్‌లో (బొమ్మలు సరిచేసే సాఫ్ట్‌వేర్) "ప్రింట్ సైజ్" తెరిచి, రిజల్యూషన్ దగ్గర గడికున్న పిక్సెళ్ల సంఖ్యే వేయండి. గడికి 140 ఉంటే 140. గడి అంగుళం అయిపోతుంది.

ఇంకోటి, గుహ మ్యాపులు తెర మీద ఎంత బాగున్నా కాగితం మీద నల్లముద్దలే. జింప్‌లోనే లెవెల్స్ (వెలుగునీడలు సరిచేసేది) తెరిచి మధ్య స్లైడర్ జరిపి, తెర మీద కాస్త వెలిసినట్టు కనిపించేదాకా తేలిక చేయండి. మొత్తం తీసేముందు ఒక చీకటి మూలను మాత్రం ప్రింట్ తీసి, మీరు ఆడే గది లైటు కింద పెట్టి చూడండి.

గుహలో_గుడ్లగూబ

గదులవారీ ఐడియా నచ్చింది, థాంక్సండీ. చివరి గది 14×10 వస్తోంది, దాన్ని మాత్రం బయట ఏ3 మీద తీయిస్తా. మరి లామినేషన్?

మొండి_కత్తెర

ఏ3లో 16×11 దాకా పడతాయి, ఢోకా లేదు. ప్రింట్ షాపు వాళ్లకి కూడా "ఫిట్ వద్దు" అని నొక్కి చెప్పండి, 254 కొలిచాకే డబ్బులివ్వండి.

ఒక్కసారి వాడి పక్కన పడేసే గదికి లామినేషన్ దండగ. చేయిస్తే మ్యాట్ చేయించండి. గ్లాసీ అయితే లైటు పడి, ఒకవైపు కూర్చున్నవాళ్లకి సగం గది కనపడదు. మ్యాట్ మీద డ్రై ఎరేజ్ మార్కర్ మరక పట్టేస్తుంది, వెట్ ఎరేజ్ వాడి తడిగుడ్డతో తుడవండి. నా ఓటు మాత్రం ఒక పారదర్శక ప్లాస్టిక్ షీటుకే. అన్ని ముక్కల మీదా అదే పరిచి, ఫైర్‌బాల్ మంత్రం తగిలే వృత్తాలు దాని మీదే గీసుకోవచ్చు.