అమ్మ ఫోన్‌లో ఆఫర్ల మోత ఆపి, డబ్బు పడినప్పుడు మాత్రమే మోగేలా చేయడం ఎలా?

అమ్మ ఊళ్లో కిరాణా కొట్టు నడుపుతుంది. పేమెంట్ యాప్ నోటిఫికేషన్ చూశాకే సరుకు చేతికిస్తుంది. లోన్ ఇస్తాం, క్యాష్‌బ్యాక్ వచ్చింది అంటూ ఆ యాపే రోజంతా అదే శబ్దంతో మోగుతుంది. మోగినప్పుడల్లా తూకం ఆపి చూసుకోవడం, డబ్బు పడలేదని టెన్షన్ పడటం.

ఆండ్రాయిడ్ 8 (2017) నుంచి యాప్‌లు నోటిఫికేషన్లను ఛానెళ్లుగా, అంటే రకాలవారీగా విడదీయాలి, వద్దనుకున్న ఛానెల్‌ను మనం ఆపుకోవచ్చు. కానీ దేన్ని ఏ ఛానెల్లో వేయాలో తేల్చేది యాప్ చేసినవాళ్లే. అమ్మ వాడే యాప్‌లో ఆఫర్లు, డబ్బు జమ రెండూ 'జనరల్' అనే ఒకే ఛానెల్లో ఉన్నాయి. కావాలనే కలిపారని నా అనుమానం. యాప్ లోపల ఆఫర్లు ఆపే స్విచ్ కూడా కనబడలేదు.

నోటిఫికేషన్లలోని పదాలను బట్టి వడకట్టే నమ్మకమైన యాప్ ఎవరైనా వాడుతున్నారా? దానికి నోటిఫికేషన్లన్నీ చదివే అనుమతి ఇవ్వాలి కదా, ఓటీపీల సంగతేంటని భయం. లేదంటే పేమెంట్ యాప్‌ను మ్యూట్ చేసి, బ్యాంకు ఎస్సెమ్మెస్‌కు వేరే టోన్ పెడదామా? అవి ఒక్కోసారి ఆలస్యంగా వస్తాయి, కస్టమర్ నిలబడి ఉంటాడు. డబ్బు పడితే పైకి చెప్పే సౌండ్‌బాక్స్ తీసుకున్నవాళ్లు, చిన్న కొట్టుకు నెలనెలా అద్దె గిట్టుబాటవుతుందో లేదో చెప్పండి.