సంపెంగ, మాగ్నోలియా ఒకటేనా?

ప్రశ్న: మన సంపెంగ కూడా మాగ్నోలియా ఫ్యామిలీనే అంటున్నారు, పాత పుస్తకాల్లో మాత్రం మైకేలియా చంపక అని ఉంది. ఏది కరెక్ట్? ఆకు సంపెంగ కూడా ఇందులోదేనా?

జవాబు 1: రెండూ ఒకటే అండి, పేరు మారిందంతే. ఇదివరకు పువ్వు ఆకు మొదట్లో పూస్తే మైకేలియా, కొమ్మ చివర పూస్తే మాగ్నోలియా అని విడగొట్టేవాళ్ళు, తర్వాత డీఎన్ఏ చూస్తే ఆ తేడా నిలబడలేదు, అందుకే ఇప్పుడు మాగ్నోలియా చంపక అంటున్నారు. ఇలా చాలావాటిని కలిపేశాక ఈ ఫ్యామిలీలో విడిగా మిగిలింది లిరియోడెండ్రాన్, అదే తులిప్ చెట్టు, అందులో రెండే జాతులు, ఒకటి ఉత్తర అమెరికాలో, ఇంకోటి చైనా, వియత్నాం వైపు.

జవాబు 2: ఆకు సంపెంగ మాత్రం కాదు బాస్, పేరు చూసి మోసపోకండి 😀 అది సీతాఫలం ఫ్యామిలీ. దూరపు చుట్టం అనుకోవచ్చు, ఆర్డర్ (ఫ్యామిలీకి పై వర్గం) ఒకటే.

జవాబు 3: అసలు విశేషం ఏంటంటే చాలా మాగ్నోలియాలకి పరాగసంపర్కం చేసేది పెంకు పురుగులు, తేనెటీగలు రాకముందు నాటి వంశం కదా మరి. పేరేమో ఫ్రెంచ్ వృక్షశాస్త్రజ్ఞుడు పియర్ మాన్యోల్ మీద 1703లో ఇంకో ఫ్రెంచ్ వృక్షశాస్త్రజ్ఞుడు ప్లూమియే పెట్టాడు.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ, ఆకు సంపెంగ సీతాఫలం చుట్టమని అస్సలు అనుకోలేదు!