విరిగిన ఎగ్జాస్ట్ స్టడ్డు: ఇంట్లోనే తీయాలా, ఆటోనగర్‌కి పోవాలా?

సాగర్‌నగర్_పెట్రోల్:
పాత నాలుగు సిలిండర్ల పెట్రోల్ కారు, అల్యూమినియం హెడ్డు. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (ఇంజిన్ పొగని బయటికి పంపే గొట్టాల భాగం) విప్పుతుంటే దాన్ని హెడ్డుకి పట్టి ఉంచే రెండు ఎం8 స్టడ్లు (తల లేని మర కడ్డీలు) విరిగాయి, రెండూ చివర్లవే. ఒకటి 6 మి.మీ. బయటికుంది, రెండోది హెడ్డు మట్టానికి తెగింది. ఈజీ అవుట్ (విరిగిన స్టడ్డులో కన్నం చేసి దూర్చి, వెనక్కి తిప్పి లాగే పనిముట్టు) సెట్టు కొని ఇంట్లోనే తీసేద్దామనుకుంటున్నాను. ఏమంటారు?

ఆర్క్_బాబు:
ఈజీ అవుట్ జోలికి పోకండి. 8 మి.మీ. స్టడ్డే ఆ పట్టు తట్టుకోలేక తెగితే, దానిలో దూరే 4 మి.మీ. ఈజీ అవుట్ ఏం తట్టుకుంటుంది? పైగా అది మొదట్లో లావుగా, కొనకి సన్నగా ఉంటుంది కాబట్టి తిప్పేకొద్దీ స్టడ్డు గోడని బయటికి నెట్టి ఇంకా బిగించేస్తుంది. లోపల విరిగిందా, మామూలు హెచ్‌ఎస్‌ఎస్ డ్రిల్ బిట్టు దాని మీద గీత కూడా పెట్టదు. ఇక హెడ్డు దింపి స్పార్క్ ఎరోజన్‌కి (కరెంటు మెరుపులతో లోహాన్ని తొలిచే పని) ఇవ్వడమే. రెండింటికీ నట్టు వెల్డింగే మందు, అంటే స్టడ్డుకి నట్టు అతికించి దాంతో తిప్పడం.

రెండున్నర_మిల్లీ:
ఈజీ అవుట్ వద్దన్నదాకా సరే. వెల్డింగ్ ఒక్కటే దారంటే ఒప్పుకోను. అపార్ట్‌మెంట్ సెల్లార్లో పెట్రోల్ కారు పక్కన ఆర్క్ కొట్టమంటారా? డ్రిల్లింగ్ పద్ధతిగా చేస్తే చాలు. తెగిన ముఖాన్ని ఫైల్‌తో చదును చేసి, సరిగ్గా మధ్యలో పంచ్ కొట్టి, 3 మి.మీ., తర్వాత 5, ఆఖర్న 6.5. స్పీడు తక్కువ, కటింగ్ ఆయిల్ ఎక్కువ. ఎడమవైపు తిరిగే బిట్లు దొరికితే అవే వాడండి. బిట్టు పట్టినప్పుడు స్టడ్డే వెనక్కి తిరిగి వచ్చేస్తుంది ఒక్కోసారి. రాకపోతే మిగిలిన పలుచటి గొట్టాన్ని లోపలికి నలిపి, మరల్లో ఇరుక్కున్న పోగుల్ని స్క్రైబర్‌తో లాగి, ఎం8x1.25 ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) దింపాలి.

ఆర్క్_బాబు:
చెప్పినంత తేలిక కాదది. స్టీలు గట్టిది, చుట్టూ ఉన్న అల్యూమినియం మెత్తది. బిట్టు ఒక్క మిల్లీమీటరు జరిగితే చాలు, మెత్తటి వైపుకే పోతుంది.

రెండున్నర_మిల్లీ:
అందుకే గైడు పెట్టమంటాను. మ్యానిఫోల్డునే మిగతా స్టడ్ల మీద బిగించి, విరిగిన చోట దాని కన్నంలో లేత్ షాపులో తిప్పించిన బుష్ పెట్టండి. లోపలి కన్నం 3 మి.మీ., బయటి కొలత మ్యానిఫోల్డ్ కన్నానికి బిగుతుగా సరిపోవాలి. గాజువాక ఆటోనగర్లో ఇది చిన్న పని.

తుప్పు_విలేఖరి:
ఒక్క జాగ్రత్త. చాలా మ్యానిఫోల్డ్లలో చివరి కన్నాలు గుండ్రంగా ఉండవు, వేడికి సాగడానికి వీలుగా కోలగా తీస్తారు. మీవి చివర్లవేగా! కోల కన్నంలో బుష్ మధ్యకి రాదు. ముందు వెర్నియర్‌తో రెండు వైపులా కొలవండి.

సాగర్‌నగర్_పెట్రోల్:
కొలిచాను, కోలగానే ఉన్నాయి. అంటే వెల్డింగేనా? ఎలా చేయించాలి?

ఆర్క్_బాబు:
సీవోటూ వెల్డింగ్ మెషిన్ ఉన్నవాళ్ళని ఇంటికి పిలవండి. ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటరు) కనెక్టరూ ఆల్టర్నేటర్ కనెక్టరూ ఊడదీయండి. ఎర్త్ క్లాంపు బాడీకి కాదు, హెడ్డుకే, పనికి దగ్గర్లో. అంతకుముందు కొట్టిన నూనె స్ప్రే అంతా బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, క్లీనర్ పూర్తిగా ఆరాకే ఆర్క్ కొట్టాలి. క్లీనర్ నాన్-క్లోరినేటెడ్‌దే కొనండి, క్లోరిన్ ఉన్నది ఆర్క్ తగిలితే విషవాయువు పుట్టిస్తుంది. పెట్రోల్ వాసన ఉంటే అసలు మొదలుపెట్టొద్దు. మంటలార్పే సిలిండరు పక్కనే ఉండాలి.

6 మి.మీ. బయటికున్నదానికి ఎం8 నట్టు తొడిగి లోపలినుంచి నింపడమే. మట్టానికి తెగినదానికి ముందు స్టడ్డు మధ్యలో చుక్క చుక్కగా లోహం పేర్చి పైకి తెచ్చి, దాని మీద వాషరు, ఆపైన ఎం10 నట్టు. స్టీలు వెల్డు అల్యూమినియానికి అతుక్కోదు, కానీ ఆర్క్ నేరుగా తగిలితే దాన్ని కరిగిస్తుంది, కాబట్టి మధ్యనుంచి కదలొద్దు. ఎర్రగా ఉండగా తిప్పొద్దు. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక కొవ్వొత్తి మైనం రాసి, పావు చుట్టు అటూ ఇటూ ఆడించండి. స్టడ్డు వేడికి ఉబ్బి, చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. తుప్పు పట్టు వదిలేది అప్పుడే. నట్టు ఊడొస్తే మళ్ళీ వెల్డు చేయొచ్చు, తప్పు డ్రిల్లుకి మాత్రం రెండో అవకాశం లేదు.

రెండున్నర_మిల్లీ:
ఉంది. హెలికాయిల్, అంటే పాడైన కన్నంలో కొత్త మరల కోసం పెట్టే స్టీలు తీగ చుట్ట. 8.3 మి.మీ. డ్రిల్లు, దాని సొంత ట్యాపు, 12 మి.మీ. పొడవు ఇన్సర్టు.

తుప్పు_విలేఖరి:
మీ ఇద్దరూ తీయడం గురించే కొట్టుకుంటున్నారు గానీ, ఎందుకు విరిగిందో చూడలేదు. సముద్రపు గాలికి ఉప్పు తుప్పు ఎలాగూ ఉంది. కానీ రెండు చివర్లూ ఒకేసారి తెగాయంటే మ్యానిఫోల్డ్ వంగి ఉండే అవకాశం ఎక్కువ. దాని ముఖం మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి రేకు) దూర్చండి, మాన్యువల్లో ఇచ్చిన లిమిట్ దాటితే గ్రైండింగ్ చేయించాలి. లేకపోతే కొత్త స్టడ్లూ అలాగే తెగుతాయి. మిగతా స్టడ్లు కూడా మార్చేయండి. కొన్ని ఇంజిన్లలో స్టడ్డు కన్నం వాటర్ జాకెట్‌లోకి (కూలెంట్ తిరిగే దారి) తెరుచుకుంటుంది. తీయగానే కూలెంట్ కారితే కొత్తదానికి సీలెంట్ రాయాలి. నట్ల మరలకి నికెల్ యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా రాసే పేస్టు), టార్క్ మాన్యువల్ ప్రకారమే. చాలా ఎం8 ఎగ్జాస్ట్ నట్లకి 20 నుంచి 25 న్యూటన్ మీటర్లే ఉంటుంది.

కంచరపాలెం_రైడర్:
ఏటి ఇంత హడావుడి? మట్టానికి తెగినదాన్ని అలాగే వదిలేసి మిగతా నట్లు బిగిస్తే బండి నడవదా?

తుప్పు_విలేఖరి:
నడుస్తుంది. చల్లగా స్టార్ట్ చేసినప్పుడు టిక్ టిక్‌మంటుంది. ఆ సందులోంచి బయటి గాలి లోపలికి లాక్కుంటే ఆక్సిజన్ సెన్సర్ ఇంధనం తక్కువైందనుకుంటుంది, ఈసీయూ పెట్రోల్ పెంచుతుంది, మైలేజ్ పడిపోతుంది. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, ఏసీ గాలితో క్యాబిన్‌లోకి వస్తే వాసన కూడా తెలియదు.

సాగర్‌నగర్_పెట్రోల్:
వెల్డర్ని పిలుస్తాను. మట్టానికి తెగినది ఫైర్‌వాల్ (ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) వైపుంది, వెల్డింగ్ టార్చి దూరే చోటు ఉందో లేదో ముందు చూడాలి.

రెండున్నర_మిల్లీ:
దూరకపోతే హెడ్డు దింపి లేత్‌కే ఇవ్వండి. ఆ మూలలో చేత్తో పట్టుకుని డ్రిల్ చేయమని నేను కూడా చెప్పను.