పేరు తేలని జబ్బుతో పేషెంట్ల గ్రూపులో చేరాలా, వద్దా?

బెళ్ళందూరు_చెల్లి:
పోయిన ఉగాది నుంచి నా ఒంటికి ఏమైందో ఎవరూ చెప్పలేకపోతున్నారు. పొద్దున లేచేసరికి వేళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. చట్నీకి మిక్సీ మూత తిప్పాలన్నా మా ఆయన్ని పిలవాలి. పదింటికల్లా మామూలైపోతాయి. కళ్ళలో ఒకటే గరగర. సాయంత్రం ఆఫీసు క్యాబ్ దిగాక అపార్ట్‌మెంట్ మెట్ల మీదే కూర్చుండిపోతాను. థైరాయిడ్, బి12, విటమిన్ డి అన్నీ చూశారు, బాగానే ఉన్నాయి. ఏఎన్ఏ అనే రక్తపరీక్ష మాత్రం పాజిటివ్, 1:80. రుమటాలజిస్టు (కీళ్ళ జబ్బుల డాక్టరు) గారు "ఇప్పుడే పేరు పెట్టలేనమ్మా, మూడు నెలలాగి మళ్ళీ చూద్దాం" అన్నారు.

లూపస్, షోగ్రెన్స్, రుమటాయిడ్ ఆర్థరైటిస్ లాంటి, ఒంటి రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బులున్న మన తెలుగు ఆడవాళ్ళు కొందరు ఇక్కడ బెంగళూరులోనే నెలకోసారి లాల్‌బాగ్‌లో కలుస్తారట, వాట్సాప్ గ్రూపు కూడా ఉందట. ఆఫీసులో ఒకావిడ చేరమంటున్నారు. మా ఆయనేమో "అక్కడికెళ్తే లేని జబ్బు కూడా తెచ్చుకుంటావు" అంటున్నారు. అమ్మ దిష్టి తీయించుకోమంటోంది, అది వేరే సంగతి. మీరేమంటారు?

ల్యాబ్_మనిషి:
చేరొద్దు. కనీసం ఇప్పుడే వద్దు. నేను రోజూ ఈ రిపోర్టులే చూసేవాణ్ణి. మన కణాల కేంద్రకం మీదే తిరగబడే యాంటీబాడీలు ఉన్నాయా అని చూసేది ఏఎన్ఏ పరీక్ష. 1:80 అంటే శాంపిల్‌ని 80 రెట్లు పలచన చేసినా అవి కనిపించాయని. ఏ జబ్బూ లేనివాళ్ళలోనూ అవి కనిపిస్తాయి. 1997లో పలు దేశాల ల్యాబులు కలిసి చేసిన అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో 1:80 దగ్గర సుమారు 13 శాతం మందికి, 1:160 దగ్గర 5 శాతం మందికి పాజిటివ్ వచ్చింది. లూపస్ అని తేల్చే 2019 నాటి ప్రమాణాల్లో కూడా 1:80 ఉంటేనే మిగతా లక్షణాలు లెక్కపెట్టడం మొదలుపెడతారు, అంతే. అదొక్కటే ఉంటే లూపస్ అనరు.

ఇలాంటి రిపోర్టు పట్టుకుని వెళ్తే అక్కడ నలుగురు "నాకూ అచ్చం ఇలాగే మొదలైంది" అంటారు. వాళ్ళు అబద్ధం చెప్పరు. కానీ ఇలాగే మొదలై, తర్వాత ఏమీ కాకుండా తగ్గిపోయినవాళ్ళు ఆ గ్రూపులో ఉండరు కదా! మీరు వినేదంతా ఒక పక్క కథే.

వాలిన_రెప్ప:
ల్యాబ్ అన్నగారూ, లెక్క బాగుంది. ఇప్పుడు నా సంగతి వినండి. నాది మయస్థీనియా గ్రావిస్. నరం నుంచి కండరానికి వెళ్ళే సంకేతాన్ని యాంటీబాడీలు అడ్డుకుంటాయి. వాడేకొద్దీ కండరం అలిసిపోతుంది, కాస్త విశ్రాంతి ఇస్తే తేరుకుంటుంది. అందుకే పొద్దున నా రెప్ప నిటారుగా ఉంటుంది, సాయంత్రానికి కంటి మీద వాలిపోతుంది. నాకు దొరికే అపాయింట్‌మెంట్లన్నీ పొద్దునే. డాక్టరు చూసేసరికి అంతా నార్మల్. ఇంట్లో అత్తగారు "ఫోను తగ్గించు, అన్నీ సర్దుకుంటాయి" అనేవారు. టెన్షన్‌కి మాత్రలు కూడా రాశారు.

పేరు తేలకముందే చేరాను నేను. అక్కడ ఒక పెద్దావిడ చెప్పిన మాట: సాయంత్రం ఏడింటికి రోజూ ఒకే వెలుతురులో ఫొటో తీసుకో, గట్టిగా ఒక పేజీ చదువుతూ వీడియో తీసుకో, గొంతు ఎక్కడ ముక్కులోకి వెళ్తుందో వాళ్ళే వింటారు అని. ఆ ఫొటోలు చూశాకే న్యూరాలజిస్టు ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్ యాంటీబాడీ పరీక్ష రాశారు. కనిపెట్టింది డాక్టరే, కాదనను. ఆయన ముందు ఏం పెట్టాలో నాకు చెప్పింది మాత్రం ఆ పెద్దావిడ. సిప్రోఫ్లాక్సాసిన్, జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్స్ మా బలహీనతని పెంచుతాయని, ఆ జాబితా పర్సులో పెట్టుకోమని మొదట చెప్పిందీ ఆవిడే. దగ్గుకి వీధి చివర క్లినిక్‌కి వెళ్ళేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

అనంతపురం_నాన్న:
బాగుందమ్మా, నీకు మంచి పెద్దావిడ దొరికింది. మా అమ్మాయికి దొరికినావిడ వేరే రకం. మాది మారతహళ్ళి. అమ్మాయికి లూపస్, ప్రెడ్నిసొలోన్ వాడుతోంది. మొహం ఉబ్బిందని బాధపడుతుంటే గ్రూపులో ఒకావిడ "స్టెరాయిడ్ విషం, ఆపెయ్, నేను చూర్ణం పంపిస్తా" అంది. పిల్ల మాకు చెప్పకుండా ఒక్కసారిగా ఆపేసింది. వాంతులు, బీపీ పడిపోవడం, చివరికి ఐసీయూ. స్టెరాయిడ్ వారాల తరబడి వాడితే మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు సొంతంగా కార్టిసోల్ అనే హార్మోన్ చేయడం తగ్గించేస్తాయట. అందుకే డాక్టర్లు మోతాదు మెల్లమెల్లగా దించుతారు. ఈ ముక్క ఆ గ్రూపులో ఒక్కరూ అనలేదు, నమస్కారం బొమ్మలు మాత్రం పెట్టారు.

క్యాన్సర్, షుగర్ లాంటివి నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడదని 1954లోనే చట్టం చేశారు. వాట్సాప్‌లో చూర్ణాలు అమ్మేవాళ్ళని ఎవరడుగుతారు? జబ్బు పేరు తెలిసిన పిల్లే ఇలా మోసపోతే, పేరు తెలియనివాళ్ళు ఎవరేం చెప్పినా నమ్ముతారు. మీ ఆయన మాటలో నిజముంది తల్లీ.

హెచ్ఎస్ఆర్_శీను:
అంకుల్, ఆ చూర్ణం ఆవిణ్ణి ఆ రోజే గ్రూపులోంచి తీసేయాల్సింది. అడ్మిన్ చేతకానితనానికి గ్రూపులే వద్దంటే ఎలా?

పేరు తేలకముందు కలవడం వల్లే కొన్ని జబ్బులకి పేరు వచ్చింది. లాంగ్ కోవిడ్ అనే మాట ఏ డాక్టరూ పెట్టలేదు. 2020 మేలో ఎలీసా పెరేగో అనే ఆవిడ, తనూ జబ్బు పడి, ట్విట్టర్‌లో వాడారు. తగ్గని నీరసంతో ఉన్నవాళ్ళంతా ఆ మాట కింద ఒకరినొకరు పట్టుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ఇచ్చింది 2021 అక్టోబరులో. అప్పటిదాకా "నీకేం లేదు" అనిపించుకుంటూ ఇంట్లో కూర్చోవాల్సిందా?

ల్యాబ్_మనిషి:
శీనూ, లాంగ్ కోవిడ్ వాళ్ళందరికీ ముందు ఒకే కారణం ఉంది, కోవిడ్. ఈ చెల్లికి కారణమే తెలియదు. రెండూ ఒకటి కావు.

పేరొద్దు_ప్లీజ్:
ఎవరూ అడగని మాట ఒకటి. బెంగళూరు ఎంత పెద్దదైనా మన తెలుగువాళ్ళ లోకం చిన్నది. నేను చేరిన గ్రూపులో మా మేనత్త ఆడపడుచు ఉంది. అప్పుడు నాకు సంబంధాలు చూస్తున్నారు. నేను పెట్టిన రిపోర్టు ఫొటో ఏ దారిన వెళ్ళిందో గానీ, కర్నూలు నుంచి "అమ్మాయికి ఏదో రక్తంలో జబ్బట కదా" అని ఫోన్ వచ్చింది. అప్పటికి నాకు ఏ జబ్బూ తేలలేదు, ఇప్పటికీ తేలలేదు. డాక్టర్లు నిర్ధారించని జబ్బుని బంధువులు నిర్ధారించేశారు. పెళ్ళైనవాళ్ళకి ఈ భయం తక్కువేమో, పెళ్ళికాని పిల్లలు ఒకసారి ఆలోచించుకోండి.

అయినా మానేయలేదు, నంబరు మార్చి వేరే గ్రూపులో చేరాను. రాత్రి రెండింటికి కీళ్ళు సలుపుతుంటే "మేలుకునే ఉన్నా, చెప్పు" అనే మనిషి ఇంట్లో దొరకదు. మా అమ్మ మంచిదే, కానీ ఆవిడకి చెప్తే ఆవిడ ఏడుస్తుంది, అప్పుడు నేను ఆవిణ్ణి ఓదార్చాలి.

వాలిన_రెప్ప:
ఆ చివరి మాటకి వంద లైకులు.

బెళ్ళందూరు_చెల్లి:
అందరికీ థాంక్స్ అండీ. ల్యాబ్ అన్నగారి "ఒక పక్క కథ" మాట మా ఆయనకి చదివి వినిపించాను, ఆయన మొహం వెలిగిపోయింది. పేరొద్దు గారి మాట కూడా వినిపించాను, కాసేపు ఏమీ అనలేదు.

నేను వెళ్దామనే అనుకుంటున్నాను. రిపోర్టులు ఎవరికీ పంపను. "నాకు ఏముందంటారు" అని అడగను. ఆఫీసులో ఎలా చెప్పుకున్నారు, పొద్దున వేళ్ళు కదలనప్పుడు వంట ఎలా నడిపిస్తున్నారు, ఇవే అడుగుతాను. అంకుల్, మందుల జోలికి ఎవరు వచ్చినా లేచి వచ్చేస్తాను. ఒక్కటే సందేహం, మా ఇంటి నుంచి లాల్‌బాగ్ దాకా సిల్క్ బోర్డు ట్రాఫిక్ మీదుగా వెళ్ళొస్తే రెండు రోజులు మంచం దిగలేను.

హెచ్ఎస్ఆర్_శీను:
అసలు లూపస్ ఉన్నవాళ్ళని పార్కులో కూర్చోబెట్టడం ఏమిటండీ? ఎండ తగిలితే వాళ్ళకి దద్దుర్లు, నొప్పులు పెరుగుతాయి. ఏదైనా దర్శిని హోటల్లో సాయంత్రం పెట్టమనండి, ఫిల్టర్ కాఫీ కూడా దొరుకుతుంది.

వాలిన_రెప్ప:
దర్శినిలో నిలబడి తాగాలి బాబూ, కుర్చీలు ఉండవు! చెల్లీ, మొదటిసారి వీడియో కాల్‌లో కలుస్తానని అడుగు. మా దాంట్లో సగం మంది అలాగే కలుస్తారు. మంచం మీద పడుకుని మాట్లాడినా ఎవరూ ఏమీ అనుకోరు.

అనంతపురం_నాన్న:
నా మాట మారదు. వెళ్ళేటట్టయితే మీ ఆయన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకో తల్లీ.

ల్యాబ్_మనిషి:
సరే, వెళ్ళండి. ఈ గ్రూపుల్లో జుట్టు ఊడుతోందంటే బయోటిన్ అనే విటమిన్ వేసుకోమంటారు. పెద్ద మోతాదు బయోటిన్ కొన్ని థైరాయిడ్ పరీక్షల్ని తప్పుదోవ పట్టిస్తుంది, లేని హైపర్ థైరాయిడ్ ఉన్నట్టు చూపిస్తుంది. ఇప్పటికే వాడుతుంటే డాక్టరుకి చెప్పి, మళ్ళీ రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు ఆపండి. శాంపిల్ తీసేవాళ్ళకీ చెప్పండి, వాళ్ళంతట వాళ్ళు అడగరు.